డెంటన్... ముసలితనం రాని ఊరు!

'ఇంతకీ ఆ ఊరు ఎట్టుంటది రా?'

గిద్దలూరులో తెలిసినవాళ్ల ఇంట్లో ఈ మధ్య విన్న ప్రశ్న ఇది. అబ్బాయికి అమెరికా నుంచి అడ్మిట్ వచ్చింది. లోన్ కోసం ఇంటి కాగితాలు బీరువాలోంచి బయటికొచ్చాయి. మేనమామ ర్యాంకు ఎంతని అడిగాడు. పక్కింటాయన ఫీజు ఎంతన్నాడు. ఫోన్‌లో ఫ్రెండ్స్ వీసా స్లాట్ దొరికిందా అంటున్నారు. ఊరు ఎలాంటిదని అడిగింది మాత్రం నాయన ఒక్కరే. అబ్బాయి మ్యాప్ తీసి, వేలితో చూపించి, 'డాలస్ పక్కనే నాయనా' అన్నాడు. అంతకుమించి వాడికీ తెలీదు.

ఆ ఊరి పేరు డెంటన్. టెక్సస్‌లో ఉంది. 'డాలస్ పక్కనే' అన్నది కూడా అంత నిజం కాదు. రెండింటి మధ్య దూరం దాదాపు 64 కిలోమీటర్లు. అంటే మనం గిద్దలూరులో బస్సెక్కి నల్లమల ఘాట్ దాటి నంద్యాలలో దిగేంత. గిద్దలూరు గురించి ఎవరైనా 'నంద్యాల పక్కన ఊరే కదా' అంటే ఊరుకుంటామా? డెంటన్ వాళ్లూ ఊరుకోరు. డాలస్‌ని అందరూ 'బిగ్ డి' అంటారు కాబట్టి, వీళ్లు తమ ఊరికి 'లిటిల్ డి' అని పేరు పెట్టుకున్నారు. చిన్నదే, కానీ మాది మాకుంది అన్నట్టు.

ఆ నాయన ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఈ కథనం. ఎందుకంటే రెండేళ్లు బతకాల్సింది ర్యాంకులో కాదు, ఊళ్లో.

రెండు మార్కాపురాలు

2020 జనాభా లెక్కల్లో డెంటన్ జనం 1,39,869. 2011 లెక్కల్లో మన మార్కాపురం 70 వేల పైచిలుకు. అంటే రెండు మార్కాపురాలంత ఊరు. అందులో రెండు పెద్ద యూనివర్సిటీలు. ఒకటి యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్, అందరూ యూఎన్‌టీ అంటారు. ఇంకోటి టెక్సస్ విమెన్స్ యూనివర్సిటీ. పేరులో విమెన్ ఉన్నా ఇప్పుడు అబ్బాయిలనీ చేర్చుకుంటారు. ఒక్క యూఎన్‌టీలోనే 2023లో 46 వేల మందికి పైగా చదివారు. వాళ్లంతా డెంటన్‌లోనే ఉండరు. చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి కార్లలో వచ్చి క్లాసు అవగానే వెళ్లిపోతారు. అయినా సరే, ఊళ్లో ఏ వీధికెళ్లినా స్టూడెంట్లే.

దీనివల్ల ఒక వింత జరుగుతుంది. జనాన్నంతా వయసు వరసలో నిలబెట్టి, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషిని పిలిచి వయసెంత అని అడగండి. అమెరికా మొత్తానికైతే ఆ మనిషి వయసు 39కి దగ్గర. డెంటన్‌లో 30కి అటూఇటూ. ఏళ్లు గడిచినా ఆ అంకె పెద్దగా పెరగదు. ఏటా ఆగస్టులో 18 ఏళ్లవాళ్లు వేలల్లో దిగుతారు. మే నెలలో 22 ఏళ్లవాళ్లు పట్టా పట్టుకుని వెళ్లిపోతారు. మనుషులు మారిపోతుంటారు, ఊరి వయసు మాత్రం మారదు.

మన పడమటి మండలాల్లో దీనికి సరిగ్గా తిరగేసి. ఇంటర్ అవగానే ఒకరు ఒంగోలు, ఒకరు హైదరాబాద్ హాస్టల్, ఇంకొకరు బెంగళూరు. రాచర్లలోనో కొమరోలులోనో మధ్యాహ్నం పూట వీధిలోకి వస్తే కనిపించేది ఎక్కువగా పెద్దవాళ్లే. ఒక ఊరు పిల్లల్ని పంపుతూ ముసలిదవుతుంది, ఇంకో ఊరు వాళ్లని పుచ్చుకుంటూ కుర్రదిగా ఉంటుంది. డెంటన్ యవ్వనంలో కాస్త వాటా గిద్దలూరుది కూడా అన్నమాట!

జనంలో ఎవరెవరున్నారంటే, సగానికి కాస్త అటూఇటూగా తెల్లవాళ్లు. దాదాపు నాలుగో వంతు స్పానిష్ మూలాలున్న హిస్పానిక్‌లు. ఆ తర్వాత నల్లవాళ్లు. ఆసియా వాళ్లు వీళ్లందరికంటే తక్కువ. కాబట్టి 'అక్కడంతా మనోళ్లే' అని ఎవరైనా చెబితే సగమే నమ్మండి. కంప్యూటర్ సైన్స్ క్లాసులో కూర్చుంటే మనోళ్లే కనిపిస్తారు, కిరాణా షాపు లైన్‌లో నిలబడితే కాదు. తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కుని స్థిరపడింది ఎక్కువగా ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వైపు. ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, డాలస్ ప్రాంతంలో 'నెల నెలా తెలుగు వెన్నెల' సాహిత్య సభలు జరుగుతాయి. కానీ వాటికి డెంటన్ నుంచి వెళ్లాలంటే కారుండాలి, లేదా కారున్న అన్న ఉండాలి.

ఇనుప సామాను కొట్టు మీద కాలేజీ

ఊరి నడిబొడ్డున కోర్టు భవనం ఉంది. 1896 నాటిది. దాని చుట్టూ నాలుగు వైపులా పాత దుకాణాలు. ఆ చోటుని 'స్క్వేర్' అంటారు. 1890లో జాషువా చిల్టన్ అనే ఆయన ఈ స్క్వేర్‌లోనే ఒక ఇనుప సామాను కొట్టు పై అంతస్తు అద్దెకి తీసుకుని టీచర్ ట్రైనింగ్ కాలేజీ మొదలుపెట్టాడు. మన బజార్లో షాపు మీద కోచింగ్ సెంటర్ బోర్డు పెట్టినట్టే. ఆ కోచింగ్ సెంటరే ఇప్పటి యూఎన్‌టీ.

ఈ యూనివర్సిటీకి పేరు తెచ్చింది మన కంప్యూటర్లు కాదు, సంగీతం. అమెరికాలో జాజ్‌కి డిగ్రీ ఇచ్చిన మొదటి కాలేజీ ఇదే, 1947లో. అప్పట్లో జాజ్ అంటే మర్యాదస్తులు మొహం చిట్లించేవాళ్లు. అందుకని కోర్సుకి ఆ పేరు పెట్టకుండా 'డాన్స్ బ్యాండ్' అని పెట్టి నడిపారు! ఇక్కడ జాజ్ పియానో చదువుతూ మధ్యలో వదిలేసి న్యూయార్క్ వెళ్లిపోయిన ఒకమ్మాయి 2003లో ఒకే రాత్రి ఐదు గ్రామీలు పట్టుకెళ్లింది. పేరు నోరా జోన్స్. మన సితార్ పండిట్ రవిశంకర్ కూతురు. డిగ్రీ పూర్తి చేయలేదని ఆమెని ఎవరూ అడిగినట్టు లేదు. (ఈ మాట ఇంట్లో చెప్పకండి.)

సంగీతం చదివినవాళ్లలో కొందరు ఊళ్లోనే ఉండిపోతారు. అందుకే స్క్వేర్ చుట్టూ సాయంత్రమైతే ఎక్కడో ఒకచోట గిటార్ వినిపిస్తుంది. పాత ఒపేరా హౌస్‌కి వంకాయ రంగు వేసి అందులో పాత పుస్తకాల షాపు పెట్టారు, గంటలకొద్దీ తిరగొచ్చు, కొనకపోయినా ఏమీ అనరు. క్యాంపస్‌లో తెల్ల ఉడత కనిపిస్తే పరీక్ష బాగా రాస్తామని స్టూడెంట్ల నమ్మకం. దసరాకి పాలపిట్ట కోసం వెతికే మనం దానికి నవ్వకూడదు.

ఊరంతా చదువు మీదే బతుకుతోందనుకోకండి. రోడ్ల మీద కనిపించే పీటర్‌బిల్ట్ అనే భారీ లారీలు తయారయ్యేది ఇక్కడే. ఆగస్టులో ఎద్దుల మీదెక్కి స్వారీ చేసే రోడియో పోటీలు జరుగుతాయి. బూట్లు, టోపీలు పెట్టుకున్న పాత టెక్సస్, జుట్టుకి ఆకుపచ్చ రంగేసుకున్న కొత్త టెక్సస్ ఒకే సిగ్నల్ దగ్గర ఆగుతాయి.

ఈ రెంటికీ పడదా అంటే, ఒక్కోసారి ఇద్దరూ కలిసి ప్రభుత్వం మీదే తిరగబడ్డారు. డెంటన్ కింద గ్యాస్ నిక్షేపాలున్నాయి. నేలలోకి ఒత్తిడితో నీళ్లు, రసాయనాలు పంపి గ్యాస్ తీస్తారు, దాన్నే ఫ్రాకింగ్ అంటారు. ఇళ్ల పక్కనే బావులు తవ్వుతుంటే జనానికి ఒళ్లు మండింది. 2014 నవంబరులో ఓటింగ్ పెట్టి ఊళ్లో ఫ్రాకింగ్‌ని నిషేధించారు, టెక్సస్‌లో అలా చేసిన మొదటి ఊరు ఇదే. ఏడు నెలలు తిరక్కుండానే రాష్ట్ర ప్రభుత్వం, ఊళ్లకి ఆ అధికారం లేదని చట్టం చేసేసింది. ఊరు గెలిచింది, రాష్ట్రం రద్దు చేసింది. ఎక్కడో విన్న కథలా లేదూ?

పార్కు కింద ఉన్న ఊరు

డెంటన్ గురించి చెప్పేవాళ్లెవరూ మొదట చెప్పని సంగతి ఒకటుంది. నాకు మాత్రం ఈ ఊరిని అర్థం చేసుకోవడానికి అదే ముఖ్యమనిపించింది.

స్క్వేర్‌కి దగ్గర్లో, ఇప్పుడు విమెన్స్ యూనివర్సిటీ ఉన్నవైపు ఒక పెద్ద పార్కు ఉంది. చెట్లు, వాగు, పచ్చిక, ఆదివారం పూట పిల్లలు. వందేళ్ల కింద అది పార్కు కాదు, క్వేకర్‌టౌన్ అనే పేట. నల్లవాళ్లు బానిసత్వం నుంచి బయటపడ్డాక కట్టుకున్న సొంత పేట. సుమారు 60 కుటుంబాలు. వాళ్ల చర్చిలు, దుకాణాలు, బడి, డాక్టరు అన్నీ అక్కడే. ఊళ్లో తెల్లవాళ్ల ఇళ్లల్లో, కాలేజీలో పనికెళ్లి సాయంత్రానికి సొంత ఇంటికి వచ్చేవాళ్లు.

ఆ పక్కనే అమ్మాయిల కాలేజీ పెరుగుతోంది. చదువుకునే తెల్ల అమ్మాయిల వసతి పక్కన నల్లవాళ్ల పేట ఉండటం బాగాలేదని ఊరి పెద్దలకి అనిపించింది. అలా అని పైకి చెప్పలేదు. 'ఊరికి పార్కు కావాలి' అన్నారు. 1921 ఏప్రిల్‌లో పార్కు కోసం డబ్బు సమీకరించడానికి ఓటింగ్ పెట్టారు. 367 ఓట్లు అవునని, 240 కాదని. రెండేళ్లలోపే పేట మొత్తం ఖాళీ. కొందరు ఊరే వదిలిపోయారు. మిగిలినవాళ్లని ఊరికి ఆగ్నేయంగా, ఏ వసతీ లేని మెరక మీదికి పంపారు. కొన్ని ఇళ్లని కూల్చకుండా పునాదుల మీంచి పైకి లేపి, అలాగే లాక్కెళ్లి అక్కడ దించారు. అలా వెళ్లిన ఇళ్లలో ఒకటి ఇప్పుడు మ్యూజియం. పార్కుకి క్వేకర్‌టౌన్ అనే పేరు తిరిగి రావడానికి 80 ఏళ్లకు పైగా పట్టింది.

ఇది మనకి అర్థం కాని కథ కాదు. వెలిగొండ ప్రాజెక్టు కోసం నల్లమల సాగర్ ముంపులోకి వెళ్లే సుంకేసుల, గుండంచర్ల, కలనూతల లాంటి ఊళ్ల వాళ్లని అడిగితే, పునాది వదిలిపోవడమంటే ఏమిటో చెబుతారు. తేడా ఒకటుంది. ఇక్కడ నీళ్ల కోసం, అందరి పొలాల కోసం. అక్కడ కేవలం పక్కన కనపడకూడదని.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, కాలేజీ ఊళ్లు సహజంగా అందరినీ రమ్మంటాయని ఒక పేరుంది. డెంటన్ నిజంగానే ఇప్పుడు చాలా విషయాల్లో అలాంటిదే. కోర్టు ముందున్న కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహాన్ని 2020 జూన్‌లో తీసేశారు. కానీ ఆ మర్యాద పుట్టుకతో వచ్చింది కాదు. ఎవరు రావాలో ఎవరు పోవాలో ఆ ఊరు ఒకప్పుడు ఓటేసి తేల్చింది. 'మాకు మీరు కావాలి' అని ఏ ఊరైనా అంటే, ఎంతకాలం, ఎందుకు అని కూడా అడగాలి.

మనవాళ్లు ఎక్కడుంటారు?

బ్రోచర్‌లో కనిపించే ఎర్ర ఇటుకల క్యాంపస్, ఫౌంటెన్, ఉడతలు ఊరి మధ్యలో ఉంటాయి. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ క్లాసులు మాత్రం అక్కడ కాదు. ఊరికి ఉత్తరంగా కొన్ని కిలోమీటర్ల దూరంలో డిస్కవరీ పార్క్ అనే చోట. పేరు చూసి పార్కు అనుకోకండి. ఒకప్పుడు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ ఫ్యాక్టరీ అది. ఒకే పొడవాటి భవనం, చుట్టూ ఖాళీ నేల, పార్కింగ్. మన పిల్లలు ఎక్కువ టైమ్ గడిపేది ఇక్కడే. కాబట్టి ఇల్లు చూసుకునేటప్పుడు 'యూనివర్సిటీకి దగ్గర' అంటే ఏ క్యాంపస్‌కి దగ్గరో అడగాలి. యూనివర్సిటీ ఐడీ ఉంటే సిటీ బస్సు ఫ్రీ. మామూలు బస్సు రూట్లు తక్కువ, యాప్‌లో పిలిస్తే వచ్చే గోజోన్ వ్యాన్లు ఉన్నాయి. ఏ-ట్రైన్ అని ఒక రైలు ఉంది, అది ఎక్కి మధ్యలో మారితే డాలస్ చేరొచ్చు. మన గుంటూరు రైలు కంటే ఎక్కువసార్లే తిరుగుతుంది లెండి.

ఇక డబ్బు. ఎఫ్-1 వీసా మీద చదువు నడిచేటప్పుడు క్యాంపస్‌లోపల వారానికి 20 గంటలే పని. బయట పెట్రోల్ బంకులో, హోటల్లో చేతికి డబ్బు తీసుకుని చేయడం చట్టవిరుద్ధం. 'అందరూ చేస్తున్నారు' అనే అన్నలు, పట్టుబడినప్పుడు ఫోన్ ఎత్తరు. టెక్సస్‌లో కనీస కూలి ఇప్పటికీ గంటకి 7 డాలర్ల 25 సెంట్లే. 20 గంటలకి 145 డాలర్లు, నాలుగు వారాలకి 580. డాలరుకి 85 రూపాయలు వేసుకున్నా 49 వేలు. ఇక్కడ కూర్చుని చూస్తే పెద్ద మొత్తమే. అక్కడ గదిలో మన వాటా అద్దె, తిండి, ఫోన్ బిల్లు పోగా చేతిలో మిగిలేది దాదాపు సున్నా. క్యాంపస్ పని దొరకడం కూడా గ్యారంటీ కాదు. ఫీజు సంగతి వేరే. స్థానికుల కంటే మన ఫీజు బాగా ఎక్కువ. పోటీలో కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో స్థానికుల రేటు ఇచ్చే వెసులుబాటు ఉంది. అందరికీ దక్కదు. కానీ అడగడానికి ఖర్చేమీ లేదు, అడ్మిట్ లెటర్ రాగానే మెయిల్ పెట్టి కనుక్కోవాల్సిన మొదటి విషయం ఇదే.

2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయులు 3,31,602 మంది. చైనాని దాటి మొదటి స్థానం. ఆ అల డెంటన్‌నీ ముంచెత్తింది. మాస్టర్స్ సీట్లు నిండాయి, అపార్ట్‌మెంట్లు నిండాయి. ఊళ్లో సగానికి పైగా ఇళ్లు అద్దెవే, కాబట్టి వచ్చేవాళ్ల మీదే ఇంటి ఓనర్ల లెక్కలు నడుస్తాయి. తర్వాత అల వెనక్కి తగ్గింది. 2025 మే నెలాఖరున స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూలు కొన్ని వారాలు ఆపేశారు. సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల ఫీజు అన్నారు, అమెరికాలోనే ఉండి వీసా మార్చుకునేవాళ్లకి అది వర్తించదని తర్వాత వివరణ వచ్చింది. ఈలోపు యూఎన్‌టీ బడ్జెట్‌లో కోట్ల డాలర్ల లోటు తేలింది. కారణాల్లో ఒకటి విదేశీ మాస్టర్స్ విద్యార్థులు తగ్గడమేనని యూనివర్సిటీనే చెప్పింది.

ఒక్కసారి ఆ వాక్యం మళ్లీ చదవండి. గిద్దలూరులో ఒక ఇంటి కాగితాలు బ్యాంకుకి వెళ్లకపోతే డెంటన్‌లో ఒక లెక్చరర్ పోస్టు ఆగిపోతుంది. మనం వాళ్ల దయ మీద వెళ్తున్నామనే భయం అక్కర్లేదు. వాళ్లకీ మన అవసరం ఉంది. అలాగని ఊరు మనల్ని పట్టుకుని ఉంచేస్తుందనే ఆశా వద్దు. స్టూడెంట్లు వచ్చి పోతుంటేనే అది బతుకుతుంది. చదువు అయ్యాక మన చదువుకి తగ్గ ఉద్యోగాలు ఎక్కువగా ఉండేది డాలస్, ప్లేనో, ఇర్వింగ్ వైపే. జులై, ఆగస్టుల్లో డెంటన్ అపార్ట్‌మెంట్ల ముందు సోఫాలు, పరుపులు, టేబుళ్లు కుప్పలుగా కనిపిస్తాయి. అగ్రిమెంట్ అయిపోయి వెళ్లేవాళ్లు వదిలేసినవి. వారం తిరక్కుండా కొత్తగా దిగినవాళ్లు వాటినే పైకి మోసుకెళ్తారు. మన పిల్లల మొదటి కుర్చీ, మొదటి టేబుల్ చాలాసార్లు అలా వచ్చినవే.

ఇదంతా ఆ ఇంట్లో కూర్చుని కాస్త కాస్తగా చెప్పాను. అబ్బాయి డిస్కవరీ పార్క్ పేరు ఫోన్‌లో రాసుకున్నాడు. స్కాలర్‌షిప్ మెయిల్ ఆ రాత్రే పెడతానన్నాడు. వాళ్లమ్మ ఎండలు ఎట్లుంటాయని అడిగింది. ఎండాకాలంలో 38, 40 డిగ్రీలు మామూలే, మనకి కొత్తేం కాదన్నాను. చలికాలంలో మాత్రం రోడ్డు మీద మంచు గడ్డకట్టి, ఒక్కోసారి ఊరు ఊరంతా ఇంట్లో కూర్చోవాలి. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో కరెంటే పోయింది. మంచి స్వెట్టర్ కొనాలని ఆమె లెక్క వేసుకుంది.

నాయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి అడిగారు.

'అంతా బానే ఉంది. నీళ్లు ఎన్ని రోజులకోసారి వదులుతారక్కడ?'

లూయిస్‌విల్, రే రాబర్ట్స్ అని రెండు పెద్ద చెరువులున్నాయి, మన కంభం చెరువులాగా మనుషులు కట్టినవే, వాటి నీళ్లు రోజూ, రోజంతా కుళాయిలో వస్తాయని చెప్పాను.

'రోజంతానా?' అన్నారాయన. అబ్బాయి వైపు తిరిగి, 'సరే, పో' అన్నారు.